పురిటిగది నుండి హృదయ చికిత్సకు

డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతికి అంకితమైన ఈ సభలో ప్రసంగింపుమని నన్ను పిలిచినప్పుడు నా మనస్సునకు మొదట తోచినది ఆయన కనుగొనిన మందుల పట్టిక కాదు, ఆయన పనిచేసిన తీరు. 1895లో భీమవరమున జన్మించి, స్ప్రూ అను జీర్ణవ్యాధి తోడబుట్టినవారిని కబళించుట కన్నులార చూచి, మదరాసులో వైద్యము చదివి, 1923లో బోస్టన్ నగరము చేరిన ఆ మహనీయుడు, హార్వర్డులో సైరస్ ఫిస్కుతో కలిసి, రక్తమునందును కణజాలమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఆ కొలతయే ఆయనను కండరములోని ఫాస్ఫోక్రియాటిన్ వద్దకును, అటుపిమ్మట అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ వద్దకును నడిపించెను. ఈ క్షణమున మన యందరి గుండెలును కొట్టుకొనుచుండుట ఆ రెండు పదార్థముల వ్యయము చేతనే. కొలత ముందు, మాట తరువాత: ఆయన జీవితమునందు నాకు కనబడు క్రమ మిది. నేటి నా ప్రసంగమునకు ఆ క్రమమునే ఆశ్రయింపదలచితిని.

గుండెపోటుచే చెడిన హృత్కండరమును, కాన్పు వెంట వెలువడు మాయలోని మూలకణములతో తిరిగి నిర్మింపవచ్చునా యనునది నేను తీసికొనిన విషయము. ఈ ప్రశ్నను వరంగల్లులో అడుగుటకు ప్రత్యేక కారణము కలదు. మనమందరము ఎం.జి.ఎం. అని పిలుచుకొను మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలకు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాదు, జనగామ దిక్కులనుండి ఛాతినొప్పితోను ఆయాసముతోను వచ్చువారు నిత్యమును వత్తురు. చందా కాంతయ్య స్మారక ప్రసూతి వైద్యశాలకును, హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలకును అవే గ్రామములనుండి నెలలు నిండిన స్త్రీలు వత్తురు. ఒకచోట బాగుపడు దారిలేని గుండె. మరియొకచోట, ఎవరికిని అక్కరలేదని పారవేయబడు మాయ. 1959లో స్థాపింపబడిన మన కాకతీయ వైద్య కళాశాలలో చదువు విద్యార్థి ఈ రెంటిని తన చదువుకాలముననే చూచును. కాని ఈ రెంటికిని నడుమ ఒక బంధ ముండవచ్చునని మా తరము చదివిన గ్రంథములలో ఏ ఒక్కటియు చెప్పలేదు.

గుండెపోటులో జరుగున దేమో మొదట స్పష్టపరచుకొందము. హృదయమునకే రక్తమును కొనితెచ్చు కరోనరీ ధమనులలో ఒకదానియందు, కొవ్వు పేరుకొనియున్న గోడ చిట్లి, ఆ చిట్లినచోట రక్తము గడ్డకట్టి, దారి మూసికొనిపోవును. ఆ ధమనినే నమ్ముకొనియున్న కండరము ఇరువది ముప్పది నిమిషములు ఓర్చి, ఆపై లోపలి పొరనుండి వెలుపలికి క్రమక్రమముగా చచ్చుటకు మొదలిడును. పెద్దపోటులో నూరుకోట్ల వరకు కండరకణములు నశించునని శాస్త్రజ్ఞుల అంచనా. కొన్ని వారములలో ఆ స్థలమును తంతుమయమైన మచ్చ ఆక్రమించును. అట్టి గుండెను శవపరీక్షలో చేతబట్టి చూచినవారికి ఎడమ జఠరిక గోడ తక్కినచోట్ల ఎఱ్ఱగా, వ్రేలి మందమున బలిసియుండి, ఒక్కచోట మాత్రము తెల్లగా, పలుచగా, కత్తికి లొంగనంత గట్టిగా కనబడును. చెరువుకట్టకు గండిపడిన రాత్రి ఊరివారు దొరికిన రాయి రప్ప తెచ్చి పూడ్చినట్లు, ఈ మచ్చ గోడ పగిలిపోకుండ కాపాడును. అంతటి ఉపకారము చేసియు, అది ముడుచుకొనుట యెరుగదు. ముడుచుకొనని భాగమునకు బదులుగా మిగిలిన కండరము రెట్టింపు శ్రమపడి, సాగి, అలసి, ఒకనాటికి తానును సడలిపోవును. అప్పుడు రోగికి నాలుగడుగులు వేసిన ఆయాసము, సాయంకాలమునకు కాళ్ళవాపు, రాత్రి వెల్లకిల పండుకొనలేని బాధ ప్రాప్తించును.

ఎకో పరీక్ష చేయించుకొని వెలుపలికి వచ్చిన రోగి బంధువులు మనలను అడుగు ప్రశ్న మీ అందరికిని పరిచితమే. “సారూ, పంపింగ్ ఎంతున్నది? మల్ల మంచిగయితదా?” అని అడుగుదురు. ముప్పది శాతమున్నదని చెప్పగలము. రెండవ ప్రశ్నకు మాత్రము నిలిచి చెప్పగల సమాధానము మనయొద్ద లేదు. మూసికొనిన ధమనిని తెరచుట నేర్చుకొంటిమి. హైదరాబాదులో డాక్టర్ సోమరాజుగారును, అబ్దుల్ కలాంగారును కలిసి, పేదవారికి అందుబాటు ధరలో ఒక స్టెంటును రూపొందించిన కథ మన ప్రాంతమునకు గర్వకారణము. వేళకు వచ్చినవారికి స్టెంటు ప్రాణదాత. కాని ఏటూరునాగారము అడవి పల్లెలో రాత్రి పదిగంటలకు నొప్పి మొదలై, తెల్లవారి బండి దొరికి ఇచ్చటికి చేరిన మనుష్యునియందు ధమనిని తెరచినను, అప్పటికే చచ్చిన కండరము లేచిరాదు. మాత్రలు మిగిలిన కండరము బరువును తగ్గించును, చచ్చినదానిని బ్రతికింపవు. గుండెమార్పిడి యన్నచో దాత దొరకవలెను, వేళ కుదరవలెను, జీవితాంతము మందులు వాడవలెను. అది లభించువారు వ్రేళ్ళమీద లెక్కింపదగినవారు.

గుండె తనంతట తాను ఏమాత్రమును పుట్టించుకొనలేదా? ఈ ప్రశ్నకు మానవుడు చేసిన ఒక ఘోరకృత్యమే చిత్రముగా సమాధానమునకు సాధనమైనది. అణ్వస్త్ర పరీక్షలవలన ఆకాశమున రేడియోధార్మిక కర్బనము మిక్కుటముగా పెరిగి, 1963 నాటి ఒడంబడిక తరువాత క్రమముగా తగ్గెను. ఏ సంవత్సరమున పుట్టిన కణము ఆ సంవత్సరపు వాయువునందలి కర్బనపు పాలును తన డి.ఎన్.ఎ.లో దాచుకొనును. దానిని కొలిచి, స్వీడను దేశమున యోనాస్ ఫ్రిసేన్ బృందమువారు, ఇరువదియైదేండ్ల వయస్సున హృత్కండర కణములు ఏడాదికి నూటికి ఒకటి చొప్పున మారుననియు, డెబ్బదియైదేండ్లకు అది అరకంటె తగ్గుననియు 2009లో ప్రకటించిరి. గుండె బొత్తిగా అశక్తము కాదు. కాని నూరుకోట్ల కణముల నష్టమును పూడ్చుకొనునంతటి శక్తి దానికి లేదు. అందుచేత ఆ శక్తిని వెలుపలినుండి తేవలెనను ఆలోచన పుట్టినది.

ఆ ఆలోచనను మాయవైపు మరలించినది ప్రయోగశాల కాదు, బాలింతలు. గర్భము నిండు నెలనుండి కాన్పైన ఐదునెలల లోపల, అంతకుముందు ఏ గుండెజబ్బును లేని స్త్రీకి హఠాత్తుగా గుండె సడలి, ఆయాసము, వాపులు కలుగు వ్యాధి యొకటి కలదు. మన పల్లెలలో దీనిని బాలింత నీరనియు, రక్తహీనతయనియు భావించి ఆలస్యము చేయుదురు. ఆ ఆలస్యముచే తల్లులు మరణించిన సందర్భములను ఈ సభలోని ప్రసూతి వైద్యురాండ్రు ఎరుగుదురు. ఈ వ్యాధికి ఒక వింతగుణ మున్నది. ఇతర కారణములచే గుండె ఈ విధముగా సడలినప్పుడు తిరిగి పూర్తిగా కోలుకొనువారు తక్కువ. ఈ స్త్రీలలోనో, సుమారు సగముమంది కొన్ని మాసములలో తేరుకొందురు, కొందరికి గుండె పూర్వస్థితికే వచ్చును. కారణ మేమి? తల్లి గుండెను గర్భమునందలి శిశువు కణములు బాగుచేయుచున్నవేమో యని న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ వైద్య కళాశాలకు చెందిన హృద్రోగ వైద్యురాలు హీనా చౌధరి ఊహించెను.

ఊహకు పునాది లేకపోలేదు. గుర్రపువాతముచే (ఎక్లాంప్సియా) మరణించిన స్త్రీల ఊపిరితిత్తులలో మాయకు చెందిన కణములను జర్మనీ దేశపు వైద్యుడు గేయోర్గ్ ష్మోర్ల్ 1893లోనే చూచెను. అటుపై నూరేండ్లకు, 1996లో, డయానా బియాంకీ బృందము, కుమారుని కనిన స్త్రీల రక్తములో పురుషకణములను, ఒకామెయందు కాన్పైన ఇరువదియేడేండ్లకు సైతము, కనుగొనెను. బిడ్డ పుట్టి పెద్దయై తనదారిని తాను పోయినను, ఆ బిడ్డ కణములు తల్లి శరీరమున నిలిచియుండునన్నమాట. ఈ మాటను మొదట చదివినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యము నేటికిని తగ్గలేదు. వైద్యశాస్త్రము చెప్పిన సత్యములలో ఇంతకంటె మధురమైనది నేనెరుగను.

ఇక పరీక్ష. ఆకుపచ్చని కాంతిని వెలిగించు జన్యువు గల మగ ఎలుకలతో మామూలు ఆడ ఎలుకలను జతపరచి, గర్భము నడుచుచుండగా తల్లి గుండెకు గాయము చేసి, ఆపై ఆ గుండెను సూక్ష్మదర్శినిలో చూడగా, గాయపడినచోట ఆకుపచ్చగా వెలుగు కణములు కనబడెను. అవి తల్లివి కావు, గర్భస్థపిండములవి. అందు కొన్ని రక్తనాళముల గోడలుగాను, కొన్ని కొట్టుకొను కండరకణములుగాను మారియుండెను. సుమారు నూటికి నలుబదింట సి.డి.ఎక్స్.2 అను జన్యువు పనిచేయుచుండెను. 2011 చివర వెల్లడియైన ఈ ఫలితములో శాస్త్రజ్ఞులను ఆపి ఆలోచింపజేసినది ఆ జన్యువే. ఫలదీకరణమైన కొలది దినములకే, ఈ కణము మాయ కావలెను, ఈ కణము శిశువు కావలెనను విభజన జరుగును. ఆ నిర్ణయమున మాయవైపు మ్రొగ్గించునది సి.డి.ఎక్స్.2. అది యున్న కణము మాయను తప్ప మరి దేనిని నిర్మింపజాలదని అంతవరకును అందరి విశ్వాసము.

2019లో అదే బృందము మరియొక అడుగు వేసెను. నిండుగర్భపు ఎలుక మాయలనుండి ఆ కణములను మాత్రమే వేరుచేసి, గుండెపోటు కల్పింపబడిన మగ ఎలుకల రక్తములోనికి సూదిద్వారా పంపిరి. రెండవ గుంపునకు మాయలోని ఇతర కణములను, మూడవదానికి ఉప్పునీటిని మాత్రమే ఇచ్చిరి. గుండెను కోయలేదు, గొట్టములు దూర్చలేదు. సిరలోని కెక్కించినంతనే ఆ కణములు రక్తప్రవాహమున పోయి గాయమునే వెదకికొని అచ్చట దిగినవి. మూడు మాసములకు ఎం.ఆర్.ఐ. తీసి చూడగా మొదటి గుంపు ఎలుకల గుండెలు బలము పుంజుకొనియుండెను. తక్కిన రెండు గుంపులకు ఆ మేలు కలుగలేదు. స్వీకరించిన ఎలుకలు మగవి, గర్భముతో సంబంధము లేనివి. అయినను వాటి శరీరరక్షకదళము ఈ పరాయి కణములను తరిమివేయలేదు. కాన్పైన స్త్రీల మాయలనుండియు ఇట్టి కణములను వేరుచేయగలిగితిమని ఆ బృందము తెలిపెను. వార్తాపత్రికలు దీనిని గుండెకు పునర్జన్మ యని కీర్తించుటలో వింత లేదు.

పరాయి కణములను శరీరము సహించుటకు కారణము వెదకవలెనన్న మాయ యేమో తిన్నగా చూడవలెను. శిశువు బయటపడిన కొలది నిమిషములకు, “మాయ పడిందా?” అను ప్రశ్న పురిటిగదిలో వినబడును, అది పడినపిదప నర్సు దానిని ట్రేలో పరచి, తల్లివైపు ముఖమును పైకి త్రిప్పి, ముదురెఱుపు రంగున ఇరువదివరకుండు దాని తమ్మెలలో ఏదైన లోపల మిగిలిపోయినదా యని ఒక్కొక్కదానిని వ్రేలితో తడవి చూచును, పిదప శిశువువైపు ముఖమును త్రిప్పగా, తళతళలాడు బూడిదరంగు పొరక్రింద బొడ్డుత్రాడునుండి నలుదిక్కులకు పారిన నాళములు కనబడును. అరకిలో తూగు ఆ అవయవము తల్లిది కాదు, శిశువు సృష్టించుకొనినది. తండ్రి అంశ సగము కలది. అట్టి పరాయిదానిని తల్లి శరీరము తొమ్మిదినెలలు తన గోడకు అంటించుకొని పోషించును. మూత్రపిండమును మార్చినచో వారములలో తిరగబడు శరీరము, దీనితో మాత్రము సంధిచేసికొనును. ఆ సంధి నియమములు మాయ కణములలో వ్రాయబడియున్నవి. అవి గుండెకు చేరినప్పుడును ఆ నియమములను వెంట తీసికొనిపోవునేమో. ఇది నా ఊహ మాత్రము కాదు, హీనా చౌధరి బృందపు విశ్లేషణయు అటే సూచించుచున్నది. ఇంతటిదానిని మనము ఒక నిమిషము పరిశీలించి పసుపుపచ్చని సంచిలో వేయుదుము. 2016 నాటి జీవవైద్య వ్యర్థముల నియమముల ప్రకారము అది దహనమునకు పోవును. మన తాతల కాలమున మంత్రసాని దానిని పెరటిలో గుంత త్రవ్వి పూడ్చి, పైన రాయి పెట్టెడిది. ఆమెకు దానియెడ కొంత గౌరవ ముండెడిది.

ఇంతవరకు చెప్పినది విని మీలో కొందరికి కలిగిన ఉత్సాహమును నేను చల్లార్చదలపలేదు. కాని సుబ్బారావుగారి పేర మాటలాడువాడు ఇచ్చట ఆగక తప్పదు. ఈ శాస్త్రశాఖకు ఒక విషాదచరిత్ర కలదు. 2001లో ఎలుక ఎముకమజ్జలోని కణములను గుండెలో ఉంచగా కొత్త కండరము పుట్టినదని డొనాల్డ్ ఆర్లిక్, పియెరో అన్వెర్సా ప్రభృతులు ప్రకటించిరి. ప్రపంచమంతయు సంబరపడెను. 2004లో రెండు వేరువేరు బృందములు అదే ప్రయోగమును చేసి, మజ్జకణములు కండరముగా మారలేదని నిరూపించెను. అన్వెర్సా మాత్రము వెనుదీయక, గుండెలోనే మూలకణములున్నవని చెప్పి, మానవులపై పరీక్షలకు సైతము దారితీసెను. తుదకు 2018లో హార్వర్డు విశ్వవిద్యాలయమును, దాని అనుబంధ వైద్యశాలయును కలిసి, ఆయన ప్రయోగశాలనుండి వెలువడిన 31 పత్రములను ఉపసంహరింపవలసినదని పత్రికలకు వ్రాసెను. అందు కృత్రిమమైన సమాచారమున్నదని తేలెను. పదునేడేండ్లు! ఎందరు యువశాస్త్రజ్ఞులు తమ యౌవనమును ఆ పునాదిపై ఖర్చుచేసిరో, ఎందరు రోగులు ఆశతో తమ గుండెలను అప్పగించిరో తలచుకొనిన మనస్సు బరువెక్కును. దొంగ కొలత యొకటి ఎంతదూరము ప్రయాణము చేయగలదో చెప్పుటకే దీనిని జ్ఞాపకము చేసితిని.

నిజాయితీతో జరిగిన పరీక్షలును మనకు పాఠమే చెప్పినవి. ఐరోపాలో బామి అను పేరున, గుండెపోటు రోగులకు తమ మజ్జకణములనే ఇచ్చి చేసిన పరీక్ష మూడువేలమందిని ఉద్దేశించి మొదలై, 375 మందితో ఆగిపోయెను. మరణములు తగ్గినట్లు తేలలేదు. దాత మజ్జనుండి తీసిన కణములతో ఐదువందలకు మించిన రోగులపై జరిగి 2023లో వెల్లడియైన డ్రీమ్ పరీక్షయు, తాను ముందు ప్రకటించుకొనిన ప్రధాన లక్ష్యమును చేరలేదు. వీటికంటె నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది 2020లో జెఫ్రీ మాల్కెంటిన్ బృందము చూపిన విషయము: మూలకణములను గుండెలో పెట్టినప్పుడు కలుగు మేలులో చాలభాగము ఆ కణములు చేసినది కాదట, అవి లేపిన వాపునకు మందుగా పరుగెత్తివచ్చిన రక్షకకణములు మచ్చను సర్దుటవలన కలిగినదట, చచ్చిన కణములను పెట్టినను అదే ఫలము! కావున మాయ కణములవిషయమునను మన మడుగవలసిన ప్రశ్నలు మిగిలియే యున్నవి. ఎలుక గుండె నిమిషమునకు ఐదారువందలసార్లు కొట్టుకొనును, కొన్ని బియ్యపుగింజలంత బరువు తూగును. మనుష్యుని గుండె పిడికిలి ప్రమాణము. అంతటి గాయమునకు ఎన్ని కణములు కావలెను? కొత్తగా పుట్టిన కండరము పాతదానితో ఏకతాళమున నడుచునా? కోతుల గుండెలలో ఇతర మూలకణములనుండి పెంచిన కండరమును ఉంచి 2014లో చూచినప్పుడు కండరము నిలిచినది గాని, గుండె లయ తప్పెను. సంబంధములేని మరియొక ప్రయోగశాల ఈ మాయ కణముల ఫలితమును మరల సాధింపవలదా? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకకమునుపే దీనిని చికిత్స యనుట సత్యము కాదు.

అయినను మాయ ఒక రోగికి ఉపకరించుట మన తెలుగునేలకు కొత్త కాదు. హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవిజ్ఞాన సంస్థలో, సున్నము పడియో, ఆమ్లము చిందియో కార్నియా అంచు కాలిపోయిన కన్నులకు మూలకణ చికిత్స 2001 నుండి జరుగుచున్నది. సున్నపు డబ్బీతో ఆడుకొనుచు కంటిని పోగొట్టుకొనిన పిల్లలను చూచినవారికి ఆ చికిత్స విలువ తెలియును. మంచి కంటి అంచునుండి సూక్ష్మమైన ముక్కను తీసి, అందలి మూలకణములను పెంచి, చెడిన కంటిపై పరతురు. ఆ కణములకు నేలవలె, పరుపువలె ఆధారముగా నుండునది మాయకు లోపొర యైన ఉల్బము, శస్త్రచికిత్సద్వారా కాన్పైన తల్లులు దానమిచ్చినది, అంటురోగములు లేవని పరీక్షించి భద్రపరచినది. 2012లో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, సాయన్ బసు, బాలసుబ్రమణియన్ ప్రభృతులు, కణములను ప్రయోగశాలలో పెంచవలసిన పనియే లేకుండ, ఆ ముక్కను చిన్నచిన్న తునుకలుగా చేసి, కంటిమీదనే ఉల్బముపై అతికించు సులభమార్గమును ప్రకటింపగా, ఖరీదైన ప్రయోగశాలలు లేని దేశములును దానిని అనుసరించుచున్నవి. నేను దీనిని ఇంత విస్తరించి చెప్పుటకు కారణ మున్నది. ఈ పని తొందరపడలేదు. చేసిన ప్రతి కంటిని ఏండ్లతరబడి తిరిగి పిలిచి చూచిరి. నిలువనిదానిని నిలువలేదని వ్రాసిరి. కంటికి జరిగినట్లే గుండెకును జరుగవలెను.

ఇట్లు జరుగనిచోట ఏమగునో నేను దగ్గరనుండి చూచితిని. గుండె ఇరువదియైదు శాతమునకు పడిపోయిన ఒక రైతును, ఎచ్చటనో ఒక చికిత్సాలయమున మూలకణములు ఎక్కింతుమని నమ్మించి, రెండెకరముల పొలమమ్మించి, సూదులు పొడిచి పంపిరి. ఏ కణములో, ఎచ్చటివో, ఎన్నియో ఒక్క కాగితముమీద లేదు. ఆయన కుమారుడు ఆ బిల్లును నా బల్లమీద పరచి, “ఇది మంచిదేనా సారూ?” అని అడిగినప్పుడు నాకు దుఃఖము, కోపము రెండును వచ్చెను. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన జాతీయ మార్గదర్శకములు ఈ విషయమున స్పష్టముగా నున్నవి: రక్తసంబంధ వ్యాధులకు జరుగు మజ్జమార్పిడివంటివి తప్ప, తక్కిన మూలకణ ప్రయోగములు అనుమతి పొందిన పరీక్షలలోనే జరుగవలెను, బొడ్డుత్రాటి రక్తమును తప్ప మాయను గాని ఇతర కణజాలమును గాని వ్యాపారమునకై నిలువచేయరాదు. పరీక్షలో చేరిన రోగియొద్ద ధనము పుచ్చుకొనుట పరీక్ష కాదు, వర్తకము. ఈ మాట ప్రతి గ్రామమున ఆశా కార్యకర్తకు తెలియునట్లు చేయుట మన వైద్యుల విధి.

మాయ ఇచ్చు తల్లి అనుమతినిగూర్చి మన ఆసుపత్రులలో ఆలోచన తక్కువ. అది పారవేయు వస్తువే కదా, అడుగనేల యని వాదించువారు కలరు. వారికి సమాధానముగా ఒక సంగతి జ్ఞాపకము చేసెదను. 2002 నవంబరులో ప్రజాకవి కాళోజీ కన్నుమూయగా, ఆయన దేహమును మన కాకతీయ వైద్య కళాశాలకే అప్పగించిరి. ఇచ్చిన దేహము వేరు, తీసికొనిన దేహము వేరని ఆ దినము శవచ్ఛేదశాలలో నిలిచిన విద్యార్థులకు ఎవరును బోధింప నక్కరలేకపోయెను. ఏ నిరుపేద స్త్రీ మాయయైనను ఆ గౌరవమునకు తగినదే. నొప్పులు పడుచున్న స్త్రీచేత వ్రేలిముద్ర వేయించుకొనుట అనుమతి కాదు. ఏడవనెలలో పరీక్షకు వచ్చినప్పుడు, ఆమె మాటలాడు తెలుగులో, తల్లియో అత్తయో ప్రక్కనుండగా, దేనికొరకు అడుగుచున్నామో, ఇయ్యనన్నచో ఆమె కాన్పునకు ఏ లోటును రాదనియు వివరించి, ఆలోచించుకొమ్మని పంపి, మరల వచ్చినప్పుడు అడుగవలెను.

ఇక మన వరంగల్లు చేయవలసిన పని. కణములను వేరుచేసి పెంచు ప్రయోగశాల రేపు మనకు రాదు. వచ్చువరకు ఊరకుండ నక్కరలేదు. ఇంతకును ఈ కథ మొదలైనది కోలుకొనిన బాలింతలతో. సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్లపు కథయు అట్లే మొదలైనది. 1920ల చివర బొంబాయి బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణులకు వచ్చు ఘోరమైన రక్తహీనతను లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు ఓపికతో పరిశీలించి, అది ఈస్టు సారముతో నయమగునని కనుగొనెను. ఆ సారములో ఉన్నదేమో వెదకుచు పోగా, ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసి చూపినది లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావుగారు నడిపిన బృందము. నేడు మన ప్రతి గర్భిణికి ఇచ్చు మాత్ర అది. ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూకు మందును అదియే. నూలుబట్ట నేసిన ఆ స్త్రీల పేర్లు చరిత్రలో లేవు. వారినిగూర్చి వ్రాసిన లెక్కలు మాత్రము నిలిచి, ఒక తెలుగువాని చేతికి అందెను.

బాలింత గుండెజబ్బుకు అట్టి లెక్క మనయొద్ద లేదు. నా కోరిక యిది. ఎం.జి.ఎం. హృద్రోగ విభాగమునందును, రెండు ప్రసూతి వైద్యశాలలందును ఒకే తీరు పుస్తకము తెరువవలెను. కాన్పైన ఐదునెలల లోపల ఆయాసముతో వచ్చిన ప్రతి స్త్రీకి ఆ దినముననే ఎకో తీయవలెను. ఆమె వయస్సు, ఎన్నవ కాన్పు, గర్భమున రక్తపోటు ఎంత, రక్తహీనత ఉన్నదా, ఆయాసము ఏ వారమున మొదలైనది, పుట్టినది ఆడుబిడ్డయా మగబిడ్డయా, ఇవి అందుండవలెను. చివరిది వృథావివరము కాదు. మగబిడ్డను కనిన తల్లి రక్తములో బిడ్డకణములను వై క్రోమోజోము గుర్తుపట్టించును గనుక, రేపు పరిశోధనకు అది తాళపుచెవి. ఆరువారములకు, ఆరునెలలకు, ఏడాదికి మరల ఎకో. రానివారిని ఆశా కార్యకర్త ఇంటికి వెళ్ళి పిలుచుకొనిరావలెను, దారిఖర్చు మన మీయవలెను. ఎవరి గుండె కోలుకొన్నది, ఎవరిది కోలుకొనలేదు, ఆ ఇరువురికి భేద మేమి యనునది పదేండ్లలో ఈ పుస్తకమే చెప్పగలదు. అంతవరకు వేచియుండక దొరకు ఫలమును ఒకటి కలదు: కోలుకొనని గుండెతో రెండవ గర్భము ధరించుట ప్రాణాపాయము, ఏడాది ఎకోలో ముప్పది శాతము కనబడిన స్త్రీకిని, ఆమె భర్తకును, అత్తకును ఆ దినముననే ఎదుట కూర్చుండబెట్టి ఆ మాట చెప్పగలము. ఎకో యంత్రము మనయొద్ద ఉన్నది, చేయువారున్నారు; పుస్తకమునకు గీతలు గీయుటయే మిగిలినది, వచ్చు సోమవారమునుండి దానిని మొదలిడుటకు ఏ విభాగపు విద్యార్థులు ముందుకు వత్తురో ఈ సభ ముగియకముందే తెలిసికొనగోరుచున్నాను.